మూడు వరుసల బిల్లు

(రేడియో ప్రసంగ పాఠం)

ఈ పూట మీరు ఇంట్లో కూర్చొని వింటున్నా, బండి నడుపుతూ వింటున్నా, షెడ్డులో స్పానరు చేతబట్టుకొని పని మధ్యలో వింటున్నా, కొద్ది నిమిషాలు మాతో ఉండండి.

ఈ వారం అంశం కొందరికి వింతగా తోచవచ్చు. కారు బాగుచేయించుకోవడానికి ఇచ్చాము. మనం చెప్పని పని, అవసరం లేని పని చేసి బిల్లు వేశారు. అప్పుడు విశ్వాసి ఏమి చేయాలి? నోరు మూసుకొని కట్టాలా? గొంతు పెంచి పోట్లాడాలా? లేక మరో దారి ఉన్నదా?

"అయ్యగారూ, ఇది ప్రసంగంలో చెప్పే మాటేనా?" అని మీరు అడగవచ్చు. ఇంటికి వెళ్లి లేవీయకాండము 19వ అధ్యాయం తెరచి చూడండి. పొరుగువానిని ప్రేమించాలన్న ఆజ్ఞ అక్కడే ఉన్నది. కూలివాని కూలి రాత్రంతా మన దగ్గర ఉంచుకోకూడదన్న ఆజ్ఞ కూడా అక్కడే ఉన్నది. తూకంలో, కొలతలో మోసం చేయకూడదన్న ఆజ్ఞ కూడా అదే అధ్యాయంలో ఉన్నది. గమనించారా? కూలి ఎగ్గొట్టేవాడికీ హెచ్చరిక ఉన్నది, కొలత తప్పించేవాడికీ హెచ్చరిక ఉన్నది. ఈ రెంటి మధ్య పొరుగువాని మీద ప్రేమ ఉన్నది. మన ఈనాటి అంశమంతా ఈ మూడు మాటల్లో ఇమిడి ఉన్నది.

హైదరాబాదు ఉత్తర శివారున ఉన్న జవహర్‌నగర్‌ను తీసుకుందాం. ఒకప్పుడు అది రంగారెడ్డి జిల్లా శామీర్‌పేట మండలంలో ఉండేది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చింది. 2019లో మున్సిపల్ కార్పొరేషన్ అయింది. బయటివారికి ఆ పేరు చెబితే నగరం చెత్తంతా చేరే డంపింగ్ యార్డే గుర్తుకు వస్తుంది. కాని అక్కడ తెల్లవారుజామున లేచి పనికి వెళ్లే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కుషాయిగూడ, చర్లపల్లి, ఈసీఐఎల్ వైపు వెళ్లాలన్నా, సికింద్రాబాదు చేరాలన్నా చక్రాల మీదే బ్రతుకు. అలాంటి చోట బండి వారం రోజులు షెడ్డులో ఉండిపోయిందంటే అది ఒక యంత్రం ఆగిపోవడం మాత్రమే కాదు, ఆ ఇంట్లో జీవనం ఆగిపోవడం.

ఒక ఉపమానం చెప్పుకుందాం. ఇది ఫలానావారికి జరిగినది కాదు. మనం ఆలోచించడానికి అల్లుకొన్నది. జవహర్‌నగర్‌లోని బాలాజీనగర్‌లో ఒక సహోదరుడు ఉన్నాడనుకోండి. ఫైనాన్సు మీద ఒక కారు కొనుక్కొని సొంతంగా క్యాబ్ నడుపుకొంటున్నాడు. నెలనెలా కిస్తీ కట్టాలి. పిల్లల ఫీజు కట్టాలి. కారును సర్వీసుకు ఇచ్చాడు. "అన్నా, ఇంజన్ ఆయిల్ మార్చు, ఫిల్టర్లు మార్చు, బ్రేకు వేస్తే కీచుమంటోంది, చూడు" అని చెప్పాడు. మధ్యాహ్నం ఫోను వచ్చింది. ముందు బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయాయి, మార్చాలి అన్నారు. సరే అన్నాడు. సాయంత్రం వెళ్లేసరికి చేతికి 19,400 రూపాయల బిల్లు ఇచ్చారు.

బిల్లు విప్పి చూస్తే ఇలా ఉన్నది. సర్వీసుకు 5,200. బ్రేక్ ప్యాడ్లకు 3,400. ఇంజెక్టర్ల క్లీనింగుకు 2,800. ఏసీ కాయిల్ క్లీనింగుకు 2,600. సస్పెన్షన్‌లో లోయర్ ఆర్మ్‌లు రెండూ మార్చినందుకు 5,400. చివరి మూడు పనులూ అతడు చెప్పలేదు. ఎవరూ అతడిని అడగలేదు. "రోడ్డు మీద ఏదైనా అయితే నాకే మాట వస్తుంది కదన్నా, అందుకే చేసేశాను" అన్నాడు మెకానిక్.

ఇక్కడ మన సహోదరునికి రెండు శోధనలు ఎదురవుతాయి. మొదటిది, మాట్లాడకుండా కట్టేయడం. కట్టేసి, ఇంటికి వచ్చి భార్యమీద విసుక్కోవడం, ఆ మెకానిక్‌ను మనసులో శపించడం, బస్తీలో పదిమందితో "వాడు దొంగ" అని చెప్పడం. నేను సాధువును, అందుకే గొడవ పెట్టుకోలేదు అని అతడు అనుకొంటాడు. కాని ఎదుట మాట్లాడని నోరు వెనుక ఎంత మాట్లాడిందో చూడండి. రెండవ శోధన, అక్కడే అరవడం. "ఒక్క పైసా ఇవ్వను, ఏం చేసుకొంటావో చేసుకో" అని తాళంచెవి లాక్కోబోవడం. ఇందులోనూ న్యాయము లేదు. ఎందుకంటే ఆయిల్ మార్చిన మాట నిజం. బ్రేక్ ప్యాడ్లకు తాను సరే అన్న మాట నిజం. ఆ చెమటకు కూలి ఇవ్వకుండా పోతే మనమే తప్పుచేసినవారం అవుతాము.

"ఒక చెంప మీద కొడితే రెండవ చెంప చూపమన్నాడు కదా ప్రభువు, మరి అడగడం ఎందుకు?" అని కొందరు విశ్వాసులు బాధపడతారు. మంచి ప్రశ్న. యోహాను సువార్త 18వ అధ్యాయం చూడండి. ప్రధానయాజకుని ఎదుట విచారణ జరుగుతుండగా ఒక బంట్రౌతు ప్రభువును చెంపమీద కొట్టాడు. ఆయన తిరిగి కొట్టలేదు. శపించలేదు. అయితే ఊరుకోనూ లేదు. తాను చెడ్డగా మాట్లాడి ఉంటే అది ఏమిటో చూపమని, లేకపోతే ఎందుకు కొట్టావని నెమ్మదిగా అడిగాడు. కారణం అడగడం పగ తీర్చుకోవడం కాదని ఆయనే చూపించాడు. బిల్లు ఎదుట నిలబడిన మనకు కావలసినది సరిగ్గా ఇదే. తిట్టు వద్దు, మౌనం వద్దు, ప్రశ్న కావాలి.

ఆ ప్రశ్న ఎలా వేయాలి? బిల్లు వెనుక ఖాళీగా ఉన్న వైపు మూడు వరుసలు గీయండి. మొదటి వరుసలో, నేను చెప్పిన పని. రెండవ వరుసలో, నేను చెప్పకపోయినా మధ్యలో నన్ను అడిగి, నేను సరే అన్న పని. మూడవ వరుసలో, నన్ను అడగకుండా చేసిన పని. మన సహోదరుని బిల్లులో మొదటి వరుస 5,200. రెండవ వరుస 3,400. ఈ రెండూ కలిపి 8,600. ఇది మారు మాట లేకుండా కట్టవలసిన డబ్బు. మూడవ వరుస 10,800. తగవంతా దీని గురించే. పంతొమ్మిది వేల తగవు పది వేలకు తగ్గింది. అంతకంటే ముఖ్యంగా, మీ మాటకు బలం వచ్చింది. "మీ కష్టానికి డబ్బు ఇవ్వనని నేను అనడం లేదన్నా. ఈ రెండింటికీ ఇదిగో ఇస్తున్నాను. ఈ మూడింటి గురించి మాత్రం మాట్లాడుకుందాం" అనే మనిషితో పోట్లాడడం ఎవరికైనా కష్టం.

ఇప్పుడు మూడవ వరుసను కూడా నిజాయితీగా చూడాలి. అడగకుండా చేసిన పనీ, అవసరం లేని పనీ ఒకటి కాదు. లోయర్ ఆర్మ్‌లో రబ్బరు బుష్‌లు ఉంటాయి, చివర బాల్ జాయింట్ ఉంటుంది. గుంతల రోడ్ల మీద తిరిగే బండికి అవి చిరిగిపోవడం, లూజు కావడం ఉన్నదే. కాబట్టి "పాత సామాను చూపించండి" అని అడగండి. అవి మీ కారు నుండి తీసినవి, మీవి. చిరిగిన రబ్బరు చేతితో పట్టుకొంటే తెలుస్తుంది. నమ్మకం కలగకపోతే మరో షెడ్డులో చూపించండి. అయితే ఆ రెండవ మెకానిక్‌తో మొదటివాని బిల్లు సంగతి ముందుగా చెప్పకండి. చెబితే మీకు సానుభూతిగా మాట్లాడతాడు. "ఈ సామాను ఎలా ఉన్నది?" అని మాత్రం అడగండి.

ఇక ఇంజెక్టర్లు, ఏసీ కాయిల్ శుభ్రం చేయడం వంటి పనులున్నాయి. వీటికి పాత సామాను ఉండదు. చేశారో లేదో కూడా కంటికి తెలియదు. అందుకే అవసరం లేని పని ఎక్కువగా ఇలాంటి పేర్లతోనే బిల్లులోకి వస్తుంది. ఇక్కడ మీకు సాక్షి, కారుతో పాటు వచ్చిన మాన్యువల్ పుస్తకం. ఎన్ని కిలోమీటర్లకు ఏమి మార్చాలి, ఏమి పరీక్షించాలి అని అందులో పట్టిక ఉంటుంది. ఆ పట్టికలో లేని పని చేశారంటే దానికి ఒక కారణం చెప్పగలగాలి. బండి స్టార్టింగులో ఇబ్బంది ఉన్నదా? పికప్ తగ్గిందా? ఏసీ చల్లదనం తగ్గిందని ఫిర్యాదు చేశామా? ఏ లక్షణమూ లేకుండా మందు వేశారంటే, ఏ జబ్బుకు వేశారో చెప్పమనడం తప్పు కాదు.

ఈ పరీక్షలో మనం కూడా పరీక్షకు నిలబడతాము. ఉపమానంలో మన సహోదరుడు పాత లోయర్ ఆర్మ్‌లు చూపించమన్నాడు. ఒకదాని బుష్ నిజంగా చిరిగిపోయి ఉన్నది. రెండవది గట్టిగా ఉన్నది. ఇప్పుడేమి చేయాలి? "నన్ను అడగలేదు కాబట్టి రెండింటికీ ఇవ్వను" అనవచ్చు. మాట వరకు అది సరే. కాని ఆ చిరిగిన భాగం ఈ రోజు కాకపోతే రేపు తానే మార్పించుకోవలసినది. కొత్తది వేసుకొని రేపటి నుండి దానిమీదే తిరుగుతాడు. అందుకు 2,700 ఇవ్వడం న్యాయము. అప్పుడు ఇవ్వవలసినది 11,300 అవుతుంది. తగవు 8,100కు వస్తుంది. "జతగా మార్చడం మంచిదన్నా" అని మెకానిక్ అనవచ్చు. అది మంచి సలహా కావచ్చు. కాని సలహా పని చేయకముందు చెప్పాలి, బిల్లు వేసిన తరువాత కాదు. తగవుకు వెళ్లే ప్రతి విశ్వాసి ముందుగా తనను తాను అడగవలసిన ప్రశ్న ఇది: నా మాట తప్పని తేలితే ఒప్పుకోవడానికి నేను సిద్ధంగా ఉన్నానా? సిద్ధంగా లేకపోతే నేను న్యాయము కోసం వెళ్లడం లేదు, గెలుపు కోసం వెళుతున్నాను.

ప్రియులారా, ఇలాంటి మోసం మన షెడ్లలోనే పుట్టింది అనుకోకండి. 1941లో అమెరికాలో రీడర్స్ డైజెస్ట్ పత్రిక ఒక పరీక్ష చేయించింది. మంచి కండిషన్‌లో ఉన్న కారులో కాయిల్ తీగ ఒకటి కావాలని ఊడదీసి, 347 గ్యారేజీలకు తీసుకువెళ్లారు. నూటికి 63 గ్యారేజీలు లేని జబ్బు చెప్పాయి, చేయని పనికి, అక్కరలేని పనికి డబ్బు అడిగాయి. మిగిలిన 37 మంది చూచి, ఊడిన తీగ సంగతి ఉన్నదున్నట్టు చెప్పారు. ఈ లెక్కను రెండు వైపుల నుండీ చూడాలి. మోసం ఎక్కువే. కాని తీగ బిగించి నిజం చెప్పినవారు కూడా ప్రతి ముగ్గురిలో ఒకరు ఉన్నారు. అందరినీ ఒకే గాటన కట్టడం ఆ ఒక్కరికి అన్యాయం.

మరొక సంగతి. కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వంలో వాహన మరమ్మతులను పర్యవేక్షించే విభాగం సియర్స్ అనే పెద్ద సంస్థ ఆటో సెంటర్లకు మారువేషంలో మనుషులను పంపింది. అరిగిన బ్రేకులు తప్ప మిగతా అంతా బాగున్న కార్లను తీసుకువెళ్లారు. 38 సార్లలో 34 సార్లు అక్కరలేని పని చేయించుకోమన్నారని ఆ విభాగం 1992లో ఆరోపించింది. కారణం ఏమిటని వెదకితే, అక్కడి సర్వీస్ అడ్వైజర్లకు అమ్మినదానిమీద కమీషన్, ఇన్ని పనులు అమ్మాలన్న టార్గెట్ ఉన్నాయి. గొడవ బయటపడిన ఆ సంవత్సరమే సంస్థ అడ్వైజర్లకు ఆ పద్ధతి ఎత్తివేస్తున్నామని ప్రకటించింది.

ఇందులో మనకు పాఠం ఉన్నది. బిల్లు ఇచ్చే కౌంటరు దగ్గర నిలబడిన కుర్రవాడు ఆ నియమం పెట్టినవాడు కాకపోవచ్చు. నెలాఖరుకు టార్గెట్ తగ్గితే అతని జీతం తగ్గుతుందేమో. కాబట్టి అతనిమీద అరవడం కంటే, యజమానితోనో మేనేజరుతోనో మాట్లాడాలని మర్యాదగా అడగడం మేలు. మరమ్మతు అనే వ్యాపారంలో ఒక చిక్కు ఉన్నది. బియ్యం కొంటే మనకెన్ని కిలోలు కావాలో మనమే చెబుతాము. కారు విషయంలో ఏమి కావాలో చెప్పేవాడూ, అది అమ్మేవాడూ ఒక్కడే. వైద్యుడే మందుల దుకాణం కూడా నడిపినట్టు. అలాంటి చోట నమ్మకమే తూకపు రాయి. ఆ రాయి తగ్గితే కొన్నవాడికి తెలియదు. అందుకే ఆ వృత్తిలో ఉన్నవారి మీద బాధ్యత మరీ ఎక్కువ.

సరే, తగవు ఏ వరుసలో నడిపించాలి? మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు ఒక క్రమం నేర్పించాడు. తప్పు చేసిన సహోదరుని దగ్గరకు మొదట ఒంటరిగా వెళ్లాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకొని వెళ్లాలి. అప్పటికీ వినకపోతే సంఘమునకు తెలియజేయాలి. సంఘములోని సహోదరుల గురించి చెప్పిన ఈ క్రమంలో ఎంత జ్ఞానం ఉన్నదో బిల్లు తగవులో కూడా తెలుస్తుంది. మొదట ఒంటరిగా. నలుగురు కస్టమర్ల ఎదుట కాదు, పక్కకు పిలిచి. ఎదుటివాని పరువు పోకపోతే అతడు తప్పు సరిదిద్దుకోవడానికి దారి ఉంటుంది. తరువాత సాక్షులతో. కారు సంగతి తెలిసిన ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకొని వెళ్లండి. అతడు మీ పక్షాన అరవడానికి కాదు, ఇద్దరి మాటా వినడానికి. అదే సమయంలో మీ అభ్యంతరం కాగితం మీద వ్రాసి ఇవ్వండి. తేదీ, బండి నంబరు, బిల్లు నంబరు, మూడు వరుసలు, మీరు అడిగేది ఎంత అన్న సంగతి. తిట్లు వద్దు. ఒక పేజీ చాలు. ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి.

"డబ్బు మొత్తం కట్టేదాకా కారు వదలము అంటే?" ఇది చాలామందికి ఎదురయ్యే కష్టం. చట్టం ఏమంటుందో తెలుసుకోవాలి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, మనం అప్పగించిన వస్తువు మీద, అప్పగించిన ఉద్దేశం ప్రకారం శ్రమ, నైపుణ్యం వినియోగించి పనిచేసినవానికి, ఆ పనికి రావలసిన కూలి అందేవరకు వస్తువును తన దగ్గర ఉంచుకొనే హక్కు ఉన్నది. ఇది కూలివాని కాపాడే నియమం, మంచి నియమం. కాని అది అప్పగించిన పనికి సంబంధించినది. అప్పగించని పని పేరు చెప్పి బండి ఆపడం వేరు. అయినా షెడ్డు గేటు దగ్గర ఈ వాదన తేలదు. రోజుకు కొంత ఆదాయం పోగొట్టుకొంటూ పట్టుదలకు పోవడం కంటే, బిల్లు రెండు ప్రతుల మీదా "ఈ ఈ పనులకు నా అనుమతి లేదు, ఆక్షేపణతో చెల్లిస్తున్నాను" అని వ్రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి, డబ్బు ఫోను ద్వారా గాని కార్డు ద్వారా గాని చెల్లించి, కారు తెచ్చుకోండి. చెల్లించినంత మాత్రాన ఒప్పుకొన్నట్టు కాదని ఆ వ్రాత సాక్ష్యం చెబుతుంది. చేతికి నగదు ఇచ్చి, బిల్లు లేకుండా మాత్రం రాకండి. బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది.

మూడవ మెట్టు, బయటి పెద్దల దగ్గరకు వెళ్లడం. మొదట 1915 నంబరుకు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఫిర్యాదు నమోదు చేసుకొంటారు, మీ ప్రాంతం ఏ కమిషన్ కిందకు వస్తుందో కూడా అడిగి తెలుసుకోవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. 1986 నాటి పాత చట్టం స్థానంలో 2019 చట్టం 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం సర్వీసు జరిగిన చోటే కాదు, మీరు నివసించే చోట ఉన్న కమిషన్‌లో కూడా ఫిర్యాదు వేయవచ్చు. తగవు పుట్టిన రెండు సంవత్సరాల లోపల వేయాలి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. మీ మాట మీరే చెప్పుకోవచ్చు. ఇద్దరూ ఒప్పుకొంటే మధ్యవర్తి దగ్గర రాజీ చేసుకొనే ఏర్పాటు కూడా ఆ చట్టంలోనే ఉన్నది. క్యాబ్ నడుపుకొనేవారు ఒక సంగతి జ్ఞాపకముంచుకోవాలి. వ్యాపార ప్రయోజనానికి వాడేవారు ఈ చట్టం కిందకు రారు. అయితే స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే కొని వాడుకొనే వస్తువును ఆ చట్టం వ్యాపార ప్రయోజనంగా లెక్కించదు. కాబట్టి "ఈ బండి నేనే నడుపుకొంటాను, ఇదే నా కుటుంబానికి ఆధారం" అన్న మాట ఫిర్యాదులో స్పష్టంగా వ్రాయండి.

"అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాస్తూ కోర్టుకు వెళ్లవద్దన్నాడు కదా?" అంటారు. అక్కడ ఆయన గద్దించినది, సంఘములోని సహోదరులు తమలో తాము తీర్చుకోగలిగిన తగవులను వీధికి ఎక్కించినందుకు. మెకానిక్ మీ సంఘస్థుడే అయితే పెద్దల ఎదుట కూర్చొని తేల్చుకోండి. అదే మేలు. కాని ఆ పౌలే ఫిలిప్పీలో, విచారణ లేకుండా కొట్టించి చెరలో వేసిన అధికారులు రహస్యంగా పంపివేయబోతే, వారే వచ్చి తమను బయటకు తీసుకురావాలని పట్టుబట్టాడు. కైసరు ఎదుట విచారణ కోరుకొన్నాడు. న్యాయము అడగడానికి ఉన్న మార్గాన్ని ఉపయోగించుకోవడం అవిశ్వాసం కాదు. ఒక్కటే షరతు. అబద్ధం చేర్చకూడదు. తగవు 8,100 అయితే "20,000 మోసపోయాను" అని వ్రాయకూడదు. తగ్గిన తూకాన్ని అడగబోయి మనమే తూకం పెంచకూడదు.

ఇప్పుడు షెడ్డులో పనిచేస్తూ ఈ కార్యక్రమం వింటున్న తమ్ముళ్లతో, అన్నలతో రెండు మాటలు. మీ పని గౌరవమైన పని. ఎండలో, బండి కింద పడుకొని, నూనె మరకలతో మీరు చేసే పని వల్ల ఎన్నో కుటుంబాలు క్షేమంగా ఇల్లు చేరుతున్నాయి. లూకా సువార్త 3వ అధ్యాయంలో సుంకరులు బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు వచ్చి మేమేమి చేయాలని అడిగారు. ఆయన వారిని ఉద్యోగం మానుకోమనలేదు. నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. అంతే. మీకు కూడా ఆ మాటే చాలు. అదే సువార్త 19వ అధ్యాయంలో జక్కయ్య అన్యాయంగా తీసుకొన్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆ మాట అన్న రోజునే ఆ యింటికి రక్షణ వచ్చిందని ప్రభువు చెప్పాడు. ఎవరైనా కస్టమరు మూడు వరుసలు గీసి మీ ముందు పెడితే, అతడిని శత్రువుగా చూడకండి. మిమ్మల్ని నమ్మి మళ్లీ రావాలనుకొనేవాడే కష్టపడి అడుగుతాడు. నమ్మకం పోయినవాడు మాట్లాడకుండా వెళ్లి మళ్లీ రాడు.

ఈ తగవు పుట్టకుండా ముందే చేయగలిగిన పనులు నాలుగున్నాయి. ఒకటి, కారు ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు మీద చేయవలసిన పనులన్నీ వ్రాయించి, వాటికింద గీత గీసి, "ఇంతకుమించి ఏ పని అయినా నన్ను అడిగిన తరువాతే" అని వ్రాసి సంతకం పెట్టండి. చిన్న షెడ్డు అయి జాబ్ కార్డు లేకపోతే అదే మాట ఫోనులో మెసేజి పంపండి. రెండు, అంచనా ఖర్చు ముందే అడగండి. మూడు, "మార్చిన పాత సామాను నాకు కావాలి" అని ముందే చెప్పండి. ఈ ఒక్క మాట సగం తగవులను ఆపుతుంది. నాలుగు, మధ్యలో ఫోన్ చేసి ఏదైనా మార్చాలంటే ఫోటో పంపమనండి, ధర అడగండి, మీ జవాబు కూడా మెసేజి రూపంలో ఇవ్వండి. ఇది అనుమానం కాదు. ఇద్దరికీ కాపుదల. నిజాయితీ గల మెకానిక్‌కు కూడా ఇది మేలే. రేపు మనం మాట మార్చకుండా ఆ మెసేజి ఆపుతుంది.

ప్రియ శ్రోతలారా, మనలో చాలామందికి ఇలాంటి బిల్లు ఒకటి ఇంట్లో ఏదో పుస్తకం మధ్య మడిచిపెట్టి ఉంటుంది. కట్టేశాము, మరచిపోలేదు. ఆ మనిషి ఎదురైతే ముఖం తిప్పుకొంటున్నాము. ఈ వారం ఆ కాగితం బయటకు తీయండి. వెనుక మూడు వరుసలు గీయండి. బాకీ ఉన్నది మీరైతే వెళ్లి ఇచ్చిరండి. అడగవలసినది ఉంటే వెళ్లి నెమ్మదిగా అడగండి. రెండూ లేవని తేలితే, ఇన్నాళ్లూ ఆ మనిషి గురించి వెనుక అన్న మాటలు అంతటితో ఆపండి.

ప్రార్థన చేద్దాం. నీతిగల తండ్రీ, అడగవలసిన చోట అడిగే ధైర్యమును, ఇవ్వవలసిన చోట ఇచ్చే మనసును మాకు దయచేయుము. చేతి కష్టముతో బ్రతుకుచున్న డ్రైవర్లను, మెకానిక్‌లను, వారి కుటుంబములను కాపాడుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమెన్.

వచ్చే వారం ఇదే సమయమునకు మరల కలుసుకొందాము. అంతవరకు సెలవు. ప్రభువు మిమ్మును దీవించును గాక.